మూతబడిన షెడ్ల తాళాలు ఎవరి చేతికి?

కృష్ణానగర్‌లో ఒక ఇరుకు సందు. మూడంతస్తుల ఇంటి మీద రేకులు కప్పి లేపిన ఒంటిగది. నగర శ్రమజీవనాన్ని అధ్యయనం చేస్తున్న విద్యార్థులతో కలిసి ఆ గదికి వెళ్లినప్పుడు కూర్చోవడానికి చోటు దొరకలేదు. గది నిండా మగ్గం చట్రం పరచి ఉంది. దానికి బిగించిన పట్టు జాకెట్టు గుడ్డ మీద ఇద్దరు స్త్రీలు జర్దోసీ కుడుతున్నారు. రాత్రి ఆ చట్రాన్ని గోడకు నిలబెడితే అదే నేల నలుగురికి పడక అవుతుంది. ఇంటాయన సినిమా యూనిట్లలో లైట్లు మోస్తాడు, షూటింగ్ ఉన్న రోజే కూలీ. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన దళిత కుటుంబం. ఈ గది దొరకడానికి ముందు పదకొండు ఇళ్లు తిరిగామనీ, వాటిలో చాలాచోట్ల అద్దె ఎంతో చెప్పక మునుపే "మీరేమిట్లు?" అని అడిగారనీ ఆమె చెప్పింది. ఇప్పుడు ఉన్న ఇంటి యజమాని కులం అడగలేదు. కానీ ఇంట్లో పని నడుస్తున్నదని తెలిస్తే కరెంటు మీటరు గృహ కేటగిరీ నుంచి వాణిజ్య కేటగిరీలోకి మారుస్తారని, ఖాళీ చేయమని నెలనెలా హెచ్చరిస్తున్నాడు. "పని చేసుకునే ఇల్లు అడిగితే ఇది ఇల్లు, దుకాణం గాదంటరు. దుకాణం అడిగితే లక్షల అడ్వాన్సు అంటరు. మేం యాడ కూసోవాలె సార్?" అన్నది.

ఆ గదికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, అమీర్‌పేట దాటితే, సనత్‌నగర్ ఉంది. అక్కడా, దాని పక్కనున్న బాలానగర్‌లోనూ గోడలు పెచ్చులూడి, కిటికీ అద్దాలు పగిలి, గేట్లకు తుప్పు పట్టిన తాళాలు వేలాడుతున్న షెడ్లు వరుసగా కనిపిస్తాయి. ఎత్తయిన కప్పులు, పగటి వెలుతురు లోపలికి పడేలా కట్టిన రంపపు పళ్ల పైకప్పులు, లారీలు తిరగగల వాకిళ్లు. ఒకవైపు కూర్చోవడానికి చోటు లేని పనిమంతులు, మరోవైపు పనిమంతులు లేని చోటు. ఈ రెంటి మధ్య దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు.

ఈ పోలిక ఇప్పుడెందుకంటే, 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల పరివర్తన విధానాన్ని ప్రకటించింది. బాహ్యవలయ రహదారి లోపలా దాని పరిసరాల్లోనూ ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో సుమారు 9,292 ఎకరాలను బహుళ వినియోగ ప్రాంతాలుగా మార్చుకునే వీలు ఈ విధానం కల్పిస్తున్నది. రహదారి వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో 50 శాతమో రుసుము కడితే ఒకప్పుడు యంత్రాలకోసం కేటాయించిన స్థలంలో నివాసాలు, కార్యాలయాలు, విద్యాలయాలు, ఆసుపత్రులు, హోటళ్లు కట్టుకోవచ్చు. ప్రతిపక్షం దీన్ని లక్షల కోట్ల కుంభకోణమన్నది. ప్రభుత్వం, నగరం నడిబొడ్డున కాలుష్యం తగ్గించే సంస్కరణ అన్నది. రుసుము ఎంత ఉండాలి, విలువ ఎంత, ఎవరికి లాభం అన్న లెక్కల మీద పత్రికల్లో పేజీలు నిండాయి. ఆ లెక్కలు అవసరమే. కానీ ఇరుపక్షాల వాదనల్లోనూ భూమికి ఇద్దరే హక్కుదారులు కనిపిస్తున్నారు: ప్రభుత్వం, ప్లాటు యజమాని. ఆ షెడ్లలో ముప్పై నలభై ఏళ్లు పనిచేసిన మూడో మనిషి లెక్కలోకే రాలేదు. ఆ మూడో మనిషికి కులం ఉంది.

పాత ఫ్యాక్టరీలను కూల్చకుండా, అందులోనే మనుషులు నివసిస్తూ పనిచేసుకునేలా మార్చడం ప్రపంచ నగరాలకు కొత్త కాదు. న్యూయార్క్‌లోని సోహోలో దుస్తుల కర్మాగారాలు ఖాళీ అయిన అంతస్తుల్లోకి 1960లలో చిత్రకారులు, శిల్పులు చట్టవిరుద్ధంగానే చేరారు. పెద్ద కాన్వాసులకు ఎత్తయిన కప్పు కావాలి, వారి చేతిలో ఉన్న డబ్బుకు తక్కువ అద్దె కావాలి. 1971లో అక్కడి కళాకారుల నివాసానికి నగర పాలక సంస్థ అనుమతి ఇచ్చింది. 1982లో అలాంటి అంతస్తుల్లో ఉంటున్నవారికి రక్షణగా న్యూయార్క్ రాష్ట్రం ప్రత్యేక చట్టమే చేసింది. సామాజిక శాస్త్రవేత్త షారన్ జూకిన్ అదే ఏడాది వెలువరించిన పుస్తకంలో దీని చీకటి కోణం చూపారు. కళాకారులు వచ్చి ఆ చోటుకు ఆకర్షణ తెచ్చారు, ఆకర్షణ వెంట పెట్టుబడి వచ్చింది, పెట్టుబడి వెంట అద్దెలు పెరిగాయి, చివరికి కళాకారులే బయటికి పోవలసి వచ్చింది. వారికంటే ముందు ఆ అంతస్తుల్లో మిగిలిన చిన్నచిన్న కుట్టుపని కార్ఖానాలు, వాటిలోని కూలీలు పోయారు. వారి కోసం ఎవరూ చట్టం చేయలేదు.

మన వాస్తుశిల్పుల సదస్సుల్లో ఈ నివాస–కార్యస్థలం భావనను పడమటి నుంచి దిగుమతి అయిన నవ్యతగా వర్ణించడం చూస్తుంటాను. వినేటప్పుడు నవ్వు వస్తుంది. పద్మశాలి ఇంట్లో నడిమింటిలోనే గుంటమగ్గం ఉండేది. నేతగాడి కాళ్లు గుంటలో, పిల్లల నిద్ర ఆ గుంట అంచున. కమ్మరి కొలిమి ఇంటి పంచలోనే రాజుకునేది. కుమ్మరి వాము పెరట్లో. మాదిగ లంద ఇంటి వెనుకే ఉండేది, ఆ వాసన పేరు చెప్పి ఊరు అతణ్ణి వాడ చివరకు నెట్టింది. చాకలి ఇల్లు ఊరందరి మైలబట్టల మూటలకు గోదాము. ఈ దేశంలో శ్రమచేసే కులాలన్నిటికీ ఇల్లూ పనీ ఒకటే. ఇల్లు వేరు, పని వేరు అన్న విభజన మొదటినుంచీ ఉన్నది పనిచేయని కులాలకే.

అలాగని ఆ పాత ఏర్పాటును పొగడడం నా ఉద్దేశం కాదు. కులవృత్తుల ఇల్లు సుందరమైన కుటీర పరిశ్రమ అని నమ్మేవారు ఒక్క వానాకాలం గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఆ నమ్మకం తడిసిపోతుంది. అక్కడ పనికి వేళలు లేవు. ఆసు పోసిన ఆడవాళ్ల శ్రమకూ, కండెలు చుట్టిన పిల్లల శ్రమకూ లెక్క లేదు. అది పనిచేసే ఇల్లు మాత్రమే కాదు, పనికి కట్టేసిన ఇల్లు. పుట్టిన ఇల్లు ఏ పని చూపితే ఆ పనే చేయాలి, ఏ వాడలో ఉంటే ఆ వాడలోనే చావాలి. కులం పనినీ నివాసాన్నీ ఒకే ముడిలో బిగించింది. ఆ ముడి విప్పగల శక్తి ఉన్నట్లు తొలిసారి కనిపించింది ఫ్యాక్టరీ.

హైదరాబాద్ రాజ్యంలో ఆ కథ ఇక్కడే మొదలయింది. దిగువ ట్యాంక్‌బండ్ దగ్గర దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు 1920లో మొదలయింది. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు 1934లో వచ్చింది. 1942లో నిజాం పారిశ్రామిక ట్రస్టు నిధి భాగస్వామ్యంతో ఆల్విన్, ఆ మరుసటి సంవత్సరం ప్రాగా టూల్స్ ఏర్పడ్డాయి. ఆల్విన్ సనత్‌నగర్ కర్మాగారం రోడ్డు రవాణా సంస్థకు రెండంతస్తుల బస్సుల బాడీలు కట్టింది, తర్వాత మధ్యతరగతి ఇళ్లకు ఫ్రిజ్‌లూ బీరువాలూ పంపింది. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చింది. ఈ సైరన్లు ఉదయం మోగితే సైకిళ్ల బారులు కదిలేవి. ఆ బారులో పక్కపక్కన నడిచేవారికి ఊళ్లో అయితే ఒకే బావి నీళ్లు దక్కేవి కావు. ప్రభుత్వ రంగ సంస్థలు గనుక రిజర్వేషన్లు అమలయ్యాయి. మాల, మాదిగ కుటుంబాల్లో తొలి తరం నెలజీతగాళ్లు ఎందరో ఈ గేట్ల గుండా వెళ్లినవారే. నా విద్యార్థుల్లో కొందరి తాతలు వారే. తాతకు వచ్చిన క్వార్టరు వల్ల తండ్రి చదివాడు, తండ్రి చదివినందువల్ల మనవరాలు నా తరగతిలో కూర్చుంది. యంత్రం ముందు కులం లేదని ఆ తరం గట్టిగా నమ్మింది.

ఆ నమ్మకం పూర్తిగా నిజం కాదని చరిత్ర తెలిసినవారికి తెలుసు. బొంబాయి బట్టల మిల్లుల్లో అస్పృశ్య కార్మికులను నేత విభాగంలోకి రానిచ్చేవారు కాదు. కండె మార్చినప్పుడు దారాన్ని నోటితో పీల్చి నాడె కంట్లోంచి తీయాలి. ఒకరి ఎంగిలి మరొకరికి తగులుతుంది. నేతపనికి కూలీ ఎక్కువ కాబట్టి ఆ ఎంగిలి నియమం విలువ రూపాయల్లోనూ ఉండేది. 1928 సమ్మె కాలంలో డాక్టర్ అంబేడ్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందుంచారు. వర్గ ఐక్యత మాట్లాడే సంఘాలు కూడా దాన్ని ప్రధాన డిమాండుగా నెత్తికెత్తుకోలేదు. ఆయనకు ఆ లోకం పుస్తకాల్లో చదివినది కాదు. పరేల్‌లోని కార్మికుల చాల్‌లో, రెండు చిన్న గదుల్లో, ఆయన 1912 నుంచి 1934 దాకా నివసించారు. చదువుకున్నది, రాసింది, మహద్ పోరాటానికి పథకం వేసింది ఆ మిల్లుల పొగ కిందే. పనీ నివాసమూ ఒకేచోట ఉండే ఇరుకుతనం ఎలాంటిదో ఆయనకంటే బాగా తెలిసిన రాజ్యాంగవేత్త మరొకరు లేరు.

1990లలో మన సైరన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆల్విన్ ఫ్రిజ్‌ల విభాగం ప్రైవేటు చేతికి పోయి తర్వాత మూతబడింది. రాంగోపాల్ మిల్లు మూతబడింది. ఐడీపీఎల్ జబ్బుపడింది. ఆజంజాహీ మిల్లును 2002లో మూసేశారు, వందల ఎకరాల ఆవరణ ముక్కలై ప్లాట్లయింది. స్వచ్ఛంద పదవీ విరమణ పేరిట చేతిలో పెట్టిన డబ్బు ఆడపిల్ల పెళ్లితోనో ఆసుపత్రి బిల్లుతోనో ఆవిరైంది. పని పోయినప్పుడు పై కులాలవారికి ఊళ్లో పొలమో, బంధువుల వ్యాపారమో వెనక ఉంది. దళితుడికి వెనక ఉన్నది వాడ. ప్రభుత్వ రంగం మూతబడడమంటే రిజర్వేషన్ మూతబడడం కూడా. ఆ మాట ఆనాడు ఎంతమంది ఆర్థికవేత్తలు రాశారో వెతికి చూస్తే వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఇక ఇప్పుడు విధానం వర్తించే పారిశ్రామిక వాడల సంగతి. ఇవి ఎక్కువగా ప్రైవేటు యూనిట్లు. పరిశ్రమలు పెరగాలి, ఉపాధి రావాలి అన్న ప్రజాప్రయోజనం పేరిటే ఆ ప్లాట్లను ఆనాడు కేటాయించారు. ఆ కేటాయింపుల కాలంలో దరఖాస్తు రాయగలిగినవారెవరు, బ్యాంకు గ్యారంటీ తేగలిగినవారెవరు, పరిశ్రమల శాఖ కార్యాలయంలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది ఎవరిని అన్నది ఊహకు అందని రహస్యం కాదు. ఏ వాడలోనైనా గేట్ల మీద పేర్లు చదువుకుంటూ ఒక గంట నడిస్తే చాలు. పారిశ్రామిక ప్లాట్లలో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఇవ్వాలన్న పట్టింపు గట్టిగా వచ్చింది 2014లో టీ–ప్రైడ్ విధానంతోనే. అప్పటికి నగరం లోపలి వాడలన్నీ నిండిపోయాయి. వాటా దక్కినవారికి చోటు దక్కింది దూరాన కొత్త పార్కుల్లో. అంటే, రిజర్వేషన్ లేని రోజుల్లో పంచిన భూమే నేడు బంగారమయింది, దాని మారకపు హక్కు రిజర్వేషన్ లేని జాబితాకే దక్కుతున్నది. పాత అసమానతకు ప్రభుత్వం ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేసి ఇస్తున్నది.

యజమానుల వాదన కొట్టిపారేయదగినది కాదు. బాలానగర్, ఉప్పల్, నాచారం చుట్టూ కాలనీలు కమ్ముకున్నాయి. లారీ తిరగదు, పొరుగువారు శబ్దం మీద ఫిర్యాదులు చేస్తారు, కాలుష్య మండలి నోటీసులు ఇస్తుంది. షెడ్డు మూసేసి అద్దెకిచ్చుకుంటే యంత్రం నడిపినదానికంటే ఎక్కువ వస్తుంది. భూమి వినియోగం మారక తప్పదు. మార్పు వద్దని నేనూ అనడం లేదు. మారినప్పుడు పుట్టే విలువ ఎవరు పుట్టించారన్నదే ప్రశ్న. షెడ్డులో నిలబడి లోహం కోసినవాడి శ్రమ వల్ల ఆ వాడ ఏర్పడింది, ప్రజల పన్నులతో రోడ్డు వచ్చింది, మెట్రో వచ్చింది. యజమాని ఒక్కడి తెలివితేటల వల్ల ఎకరం ధర పెరగలేదు.

బొంబాయి ఈ దారిలో మనకంటే ముందు నడిచింది, దెబ్బతిన్నది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, మిల్లులే ముగిసిపోయాయి. 1991లో అక్కడి ప్రభుత్వం ఒక న్యాయమైన నియమం చేసింది. మిల్లు భూమిని మార్చుకోవాలంటే దాదాపు మూడోవంతు నగరపాలక సంస్థకు మైదానాలూ పార్కుల కోసం, మూడోవంతు ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకు సామాన్యుల ఇళ్ల కోసం ఇవ్వాలి, మిగిలినది యజమానికి. పదేళ్ల తర్వాత, 2001లో, ఆ నియమంలో ఒక చిన్న సవరణ చేశారు. పంచవలసింది మొత్తం భూమిని కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగాను మాత్రమే అన్నారు. మిల్లు నిండా కట్టడాలే కదా! ఖాళీ జాగా ఎంత మిగులుతుంది? 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. పరేల్‌లో నేడు మాల్‌లూ గాజు గోపురాలూ ఉన్నాయి. పాత పొగగొట్టాలను అలంకారంగా నిలబెట్టిన చోట్లూ ఉన్నాయి. అంబేడ్కర్ నడిచిన వీధుల్లో కార్మికుల మనవలు కాపలాదారులుగా, వస్తువులు చేరవేసే కుర్రాళ్లుగా తిరుగుతున్నారు. ఒక్క వాక్యం సవరణతో మూడో మనిషిని ఎలా తుడిచేయవచ్చో చూపే పాఠం ఇది. మన విధానంలోనైతే తుడిచేయడానికి అలాంటి వాక్యమే లేదు.

పాత పారిశ్రామిక కట్టడాలను కాపాడుకోవడం మనకు చేతకాదని అనలేం. సైఫాబాద్‌లో 1903 నాటి టంకశాల 2022లో మ్యూజియంగా తెరుచుకుంది. చక్కటి పని. నాణేలు అచ్చువేసిన యంత్రాలను అక్కడ పిల్లలు చూస్తున్నారు. యంత్రాలకు మ్యూజియం ఇవ్వగలిగిన మనం వాటిని నడిపినవారి సంతతికి షెడ్డులో ఒక మూల ఇవ్వలేమా అన్నది నా అభ్యర్థన.

నిజానికి పేదలు పారిశ్రామిక కట్టడాల్లో నివసించడం ఎప్పుడో మొదలయింది, అనుమతులు లేకుండా, తలుపులు లేకుండా. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలో ఒక తుక్కు గోదాము తగలబడింది. పైన గదిలో నిద్రిస్తున్న 11 మంది బిహారీ కార్మికులు చనిపోయారు. పగలు కింద తుక్కు వేరుచేయడం, రాత్రి దాని మీదే పడుకోవడం. దిగి రావడానికి ఉన్నది ఒక ఇరుకు మెట్లదారి. మరుసటి ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింద నిల్వ చేసిన రసాయనాలు అంటుకొని 9 మంది పోయారు. మన నగరంలో ఇంటినీ పనినీ కలిపిన నమూనాలు ఇప్పటికి ఇవే. పల్లకీలు మోసిన బోయీల పేరు మీద వెలసిన పేటలో నేడు తుక్కు మోసేవారు కాలిపోయారు. ఆ రోజు సంతాపం చెప్పిన అధికారులు అక్రమ గోదాముల మీద సర్వే చేయిస్తామన్నారు. అక్రమం అని మూసేస్తే ఆ మనుషులు ఎక్కడ పడుకుంటారన్నది సర్వే పత్రంలో గడి లేని ప్రశ్న.

కాబట్టి నేను అడిగేది కొత్త ఊహాలోకాన్ని కాదు, ఇప్పటికే ఉన్నదాన్ని మనిషి బతకగలిగేలా చేయమని. మారకానికి అనుమతి పొందే ప్రతి ప్లాటులో కొంత నిర్మిత స్థలాన్ని, ఖాళీ జాగాను కాదు, నిర్మిత స్థలాన్నే, ప్రభుత్వం తిరిగి తీసుకోవాలి. బాగున్న షెడ్లను కూల్చకుండా కింద పనిచోటు, పైన మిద్దె వేసి నివాసం, మధ్య నిప్పు దాటని గోడ, రెండు మెట్లదారులు, ఒక ఉమ్మడి వాకిలి ఉండేలా మార్చాలి. ఎత్తయిన కప్పులు దీనికి తగినవే. అయితే అంతకుముందు నేలను పరీక్షించాలి. కాటేదాన్ మట్టిలో భార లోహాలున్నాయని శాస్త్రవేత్తలు ఏనాడో చెప్పారు. ఆస్బెస్టాస్, రంగులు, రసాయనాలు వాడిన ఆవరణలు శుభ్రం చేయకుండా పేదలకిస్తే అది పునరావాసం కాదు, విషం పంపిణీ.

ఎవరికివ్వాలి? 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం తానే వెల్లడించిన కులగణన లెక్కలున్నాయి. బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. గణన చేసింది గోడకు తగిలించుకోవడానికి కాదు గదా. ఇప్పటివరకు ఆ అంకెలు చట్టసభ సీట్ల చర్చలోనే వినిపిస్తున్నాయి, నగర భూమి చర్చలో వినిపించడం లేదు. సొంతంగా అమ్ముకునే పట్టా ఇస్తే అయిదేళ్లలో మధ్యవర్తి చేతికి పోతుందన్నది అనుభవం. కాబట్టి పనివారి సహకార సంఘానికి దీర్ఘకాలపు లీజు ఇవ్వడం మేలు. లీజు పత్రంలో స్త్రీ పేరు మొదట ఉండాలి, ఎందుకంటే ఇంట్లో జరిగే పనిని పని కాదని చెప్పి నష్టపరిచింది ఆమెనే. అద్దె సంపాదనతో ముడిపడి ఉండాలి. విద్యుత్ నిబంధనల్లో కుటీర పరిశ్రమలకు వేరే కేటగిరీ ఉంది. ఒంటిగదిలో మగ్గం నడిపే ఆమె దాకా అది రాకపోవడానికి కారణం ఆమె ఇంటిని పరిశ్రమగానూ ఆమె పరిశ్రమను ఇల్లుగానూ ఎవరూ గుర్తించకపోవడం.

ఇక్కడ నా దళిత మిత్రులు ఒక అనుమానం వెలిబుచ్చుతారు, వెలిబుచ్చారు కూడా. ఇల్లూ పనీ మళ్లీ ఒకచోట చేర్చడమంటే మమ్మల్ని పాత ముడిలోకి నెట్టడం కాదా, చెప్పుల షెడ్డు మాదిగలకు, మగ్గం షెడ్డు పద్మశాలీలకు అని రాసిపెడతారా అని. న్యాయమైన భయం. అందుకే కేటాయింపు వృత్తిని బట్టి కాక మనిషిని బట్టి ఉండాలి. ఒక కప్పు కింద కంప్యూటర్ యానిమేషన్ చేసే లంబాడా యువకుడు, లేత్ నడిపే ముస్లిం, కేకులు చేసే మాదిగ స్త్రీ, విగ్గులు కుట్టే మంగలి ఉండాలి. ఒకే వాకిలి, ఒకే నల్లా. ఊరిలో కులానికో వాడ, నగరంలో పారిశ్రామిక వాడ. భాష ఒకే మాటను రెంటికీ ఇచ్చింది. రెండో వాడకు మొదటి వాడ గుణం రాకుండా చూసుకోవడం మన బాధ్యత.

మరో మాట కూడా చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. నగరం లోపల షెడ్లు ఖాళీ చేస్తున్న కాలుష్య పరిశ్రమ ఎక్కడికి పోతుంది? గాల్లో కలిసిపోదు. బాహ్యవలయం అవతలకు పోతుంది. అక్కడున్న భూమి ఎవరిది? 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో ఔషధ పరిశ్రమ కోసం భూసేకరణ తలపెట్టినప్పుడు ఎదురు తిరిగినవారిలో లంబాడా రైతులే ముందున్నారు, జైళ్లకు వెళ్లారు. ఆ తర్వాత ప్రభుత్వం ఆ ప్రతిపాదన మార్చుకుంది. ప్రతి తండాకూ అంత గొంతు ఉండదు. సనత్‌నగర్ గాలి శుభ్రపడడానికి అయ్యే ఖర్చు ఏ అసైన్డ్ భూమి మీద పడుతుందో చెప్పని విధానాన్ని పర్యావరణ సంస్కరణ అని పిలవడానికి నాకు నోరు రాదు.

కృష్ణానగర్‌కే తిరిగి వస్తాను. ఈ పేట ఇక్కడ ఇలా పెరగడానికి పక్కనే ఉన్న సారథీ స్టూడియో ఒక కారణం. చల్లపల్లి జమీందారు స్థాపించిన సారథీ సంస్థ 1938లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వాన 'మాలపిల్ల' తీసింది. బ్రాహ్మణ యువకుడు, మాల యువతి ప్రేమకథ, గుడి ప్రవేశం కథ. జమీందారు డబ్బుతో ఆ సినిమా రావడమే ఒక వింత, మరుసటి ఏడాది 'రైతుబిడ్డ' రావడం ఇంకో వింత. ఆ సంస్థే 1950లలో అమీర్‌పేటలో స్టూడియో కట్టింది. మద్రాసు నుంచి పరిశ్రమ కదిలివచ్చాక అన్నపూర్ణ, పద్మాలయ వచ్చాయి. నటులు జూబిలీహిల్స్‌కు ఎక్కారు. లైట్లు మోసేవారు, కుట్టేవారు, వండేవారు, పోరాట దృశ్యాల్లో కిందపడేవారు కృష్ణానగర్ గదుల్లో మిగిలారు. 2025 ఆగస్టులో వారి సంఘాలు వేతనం పెంచమని రెండున్నర వారాలు పని ఆపితే మూడేళ్లలో 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. ఆ పెంపులో ఎంత ఇంటి యజమానికి పోతుందో మెట్రో స్టేషను పక్కన అద్దె బోర్డులు చూస్తే తెలుస్తుంది. 'మాలపిల్ల'కు గుడి తలుపు తెరిపించిన సినిమాకు, ఆ సినిమా దుస్తులు కుట్టే మాల స్త్రీకి అద్దె తలుపు తెరిపించడం ఇంకా చేతకాలేదు.

మేం వెళ్లిన మూడు నెలలకు విద్యార్థులు ఆ గదికి మళ్లీ వెళ్లారు. తాళం వేసి ఉంది. పొరుగువారిని అడిగితే బోరబండ వైపు మారారని ఒకరు, ఊరికే పోయారని మరొకరు చెప్పారు. మగ్గం చట్రం మాత్రం మేడమెట్ల కింద గోడకు ఆనించి ఉందట. కొత్త గదిలో పట్టలేదని, చోటు దొరికాక వచ్చి తీసుకుపోతామని చెప్పి వెళ్లారట.